రాణివాసం నుంచి చెరువుకట్ట దాకా: పాలమూరు, నల్లగొండ రాచస్త్రీలు – మన చారిత్రక నవల

తెలుగు చారిత్రక నవలలో పాఠకుడికి ఎక్కువగా కనిపించే రాచస్త్రీలు రెండు రకాలు. మగవేషంలో గుర్రమెక్కి కత్తి దూసే రాణి ఒకరు. ఉద్యానవనంలో చెలికత్తెల మధ్య ప్రియుడి కోసం నిట్టూర్చే రాకుమారి ఇంకొకరు. ఇద్దరినీ మన రచయితలు ప్రేమతోనే తీర్చిదిద్దారు, ఆ నవలలు తరతరాల పాఠకులను చరిత్ర వైపు నడిపించాయి. అయితే పాత నల్లగొండ, మహబూబ్‌నగర్ జిల్లాల్లో గుడి మంటపాల్లోనూ, చెరువుకట్టల మీదా, పొలాల గట్లపైనా నిలిచిన శాసనాలు చదివితే మూడో రకం స్త్రీ ఎదురవుతుంది. ఆమెకు సొంత పేరుంది, సొంత సొమ్ముంది. ఎవరికి దానమివ్వాలో, ఎక్కడ గుడి కట్టాలో తేల్చుకునే అధికారం ఉంది. పుట్టింటి పేరూ మెట్టినింటి పేరూ రెండూ చెప్పుకునే దర్జా ఉంది.

ఈ మూడో స్త్రీకి తెలుగు నవలలో ఇంతవరకు ఎంత చోటు దొరికింది, ఇంకా ఎంత దొరకాలి? ఈ వ్యాసం ఆ ప్రశ్నకు సంబంధించినది. ఇక్ష్వాకుల కాలం నుంచి కాకతీయుల కాలం దాకా, అంటే సుమారు వెయ్యేళ్ల నిడివిలో, ఈ మెరక నేలల రాచస్త్రీల గురించి శాసనాలు చెప్పేదేమిటో, నవలాకారులు తీసుకున్నదేమిటో, వదిలేసినదేమిటో పక్కపక్కన పెట్టి చూద్దాం.

విజయపురి రాచకూతుళ్లు

కథ కృష్ణ ఒడ్డున మొదలవుతుంది. ఇక్ష్వాకుల రాజధాని విజయపురి, అంటే నాగార్జునకొండ లోయ, నదికి దక్షిణాన ఉండేది. ఉత్తరపు ఒడ్డున నల్లగొండ వైపు ఏలేశ్వరం ఉండేది. నాగార్జునసాగర్ డ్యాం కింద రెండూ మునిగిపోయాయి. నీళ్లు రాకముందు 1954 నుంచి 1960 దాకా పురావస్తు శాఖ లోయంతా తవ్వి, దొరికినవాటిని కొండ మీదికి చేర్చింది. అంతకు చాలా ముందే, 1926లో ఈ శిథిలాలు బయటి లోకానికి తెలిశాయి. మహాచైత్యం చుట్టూ నిలబెట్టిన ఆయక స్తంభాల మీది ప్రాకృత శాసనాలు చదివాక పండితులకు ఒక సంగతి స్పష్టమైంది. ఈ బౌద్ధ నిర్మాణాలకు ధనమిచ్చినవాళ్లలో పెద్ద భాగం రాజకుటుంబపు స్త్రీలే.

వాళ్లలో ముందు చెప్పుకోవలసింది చాంతిశ్రీని. మొదటి ఇక్ష్వాకు రాజు వాసిష్ఠీపుత్ర చాంతమూలుడికి తోబుట్టువు. పూకీయ కులానికి చెందిన మహాతలవరుడు స్కందశ్రీ భార్య. అన్న అగ్నిష్టోమం, వాజపేయం, అశ్వమేధం చేసిన వైదిక రాజు. చెల్లెలు బుద్ధుడి మహాచైత్యానికి స్తంభాలు నిలబెట్టింది. ఆమె శాసనాన్ని కాస్త దగ్గరగా చూడాలి. ముందు బుద్ధుడికి నమస్కారం, తర్వాత అన్న చేసిన యాగాల జాబితా, ఆ తర్వాత తాను ఎవరి చెల్లెలో, ఎవరి భార్యో, ఎవరి తల్లో ఉంటుంది. శ్రమణులకు, బ్రాహ్మణులకు, దీనులకు దానాలు చేసే గుణం తనకుందని చెప్పుకుంటుంది. ఈ పుణ్యం తన రెండు కులాలకూ ఇహపరాల్లో మేలు చేయాలనీ, తనకు నిర్వాణం దక్కాలనీ కోరుతుంది. చివర తేదీ: చాంతమూలుడి కొడుకు వీరపురుషదత్తుడి ఆరవ పాలనా సంవత్సరం, వర్షాకాలపు ఆరవ పక్షం, పదో రోజు. అన్న యాగాలను తన బౌద్ధ దానశాసనంలోనే గౌరవంగా లెక్కపెట్టిన ఆ స్త్రీ మనసులో ఏముందో ఊహించడానికి ఒక్క నవల సరిపోదు.

వీరపురుషదత్తుడి రాణులు కూడా అదే చైత్యం దగ్గర స్తంభాలు ఎత్తించారు. మేనత్త కూతుళ్లయిన బాపిశ్రీ, షష్ఠిశ్రీ వాళ్లలో ఉన్నారు. ఉజ్జయిని మహారాజు కూతురు రుద్రధర భట్టారిక కూడా ఉంది. ఆమె తన దానంలో 170 దీనారి మాషకాలు ఇచ్చినట్టు రాయించింది. రోము నాణెం పేరు విజయపురి రాణి శాసనంలోకి ఎలా వచ్చిందో ఆలోచిస్తే ఆ కాలపు వర్తకపు బాటలన్నీ కళ్ల ముందుకొస్తాయి. ఒక రాజవంశం రెండు మతాల మధ్య సర్దుబాటుతో ఎలా బతికింది? ఉజ్జయిని నుంచి వచ్చిన కోడలు మేనరికపు సవతుల మధ్య ఎలా నెగ్గుకొచ్చింది? వీరపురుషదత్తుడి కూతురు కొడబలిశ్రీ వనవాస మహారాజు భార్యగా వెళ్లిన తర్వాత కూడా పుట్టింటి రాజధానిలో విహారం ఎందుకు కట్టించింది? వీటిలో ప్రతి ప్రశ్నా ఒక నవలకు మొదటి అధ్యాయం.

ఈ లోకంలోకి ధైర్యంగా అడుగుపెట్టిన తెలుగు నవలాకారుడు అడివి బాపిరాజు. చాంతమూలుడి కూతురు, ధనక కులపు మహాసేనాపతి, మహాదండనాయకుడు స్కందవిశాఖుడి భార్య అయిన అడవి చాంతిశ్రీ పేరు శాసనాల్లో కనిపిస్తుంది. ఆ పేరునే తీసుకుని బాపిరాజు 'అడివి శాంతిశ్రీ' నవల రాశాడు. రెండు మూడు వరుసల్లో ఒదిగిన పేరుకు ఒక జీవితాన్ని ఇవ్వాలన్న ఆలోచనే గొప్పది. చిత్రకారుడు కాబట్టి నగ, చీర, తలకట్టు, శిల్పం ఆయన వాక్యంలో రంగుతో సహా కనిపిస్తాయి. శాతవాహన కాలపు 'హిమబిందు'లోనూ ఇదే చూపు. కానీ బాపిరాజు లోకంలో స్త్రీ జీవితానికి ఇరుసు ప్రేమ. శాసనంలోని స్త్రీకి ఇరుసు దానం, దాని వెనకున్న సొమ్ము, ఆ సొమ్ము మీద హక్కు. మనసు కథ ఆయన రాసిపెట్టాడు. హక్కు కథ రాయడం మిగిలింది.

అత్తగారి విహారం, కోడలి పుట్టిల్లు

విజయపురి నుంచి ఉత్తరానికి వస్తే మూసీ ప్రాంతంలో తుమ్మలగూడెం ఉంటుంది. దీని పాత పేరు ఇంద్రపాలనగరం. ఇక్కడ దొరికిన రెండు రాగిరేకుల శాసనాలు విష్ణుకుండినుల చరిత్రను కొత్తగా రాయించాయి. మొదటిది గోవిందవర్మది. తన పట్టమహిషి పరమ మహాదేవి కట్టించిన మహావిహారానికి ఊళ్లు దానం చేసిన సంగతి అందులో ఉంది. రెండోది విక్రమేంద్ర భట్టారకుడిది, శకం 488, అంటే క్రీ.శ. 566. నాలుగు తరాల తర్వాత కూడా రాజు అదే విహారంలోని భిక్షువులకు ఇంకో ఊరు ఇచ్చాడు. ఇచ్చేటప్పుడు ఆ విహారం ఎవరు కట్టించారో మర్చిపోకుండా రాయించాడు. ఒక రాణి పెట్టిన సంస్థ ఆ వంశపు రాజులు మారినా నిలిచింది, ఆమె పేరుతోనే నిలిచింది.

ఈ ఇద్దరు రాజుల మధ్య గోవిందవర్మ కొడుకు మాధవవర్మ వచ్చాడు. పదకొండు అశ్వమేధాలు చేశాడని వంశశాసనాలు గొప్పగా చెప్పే రాజు. అతని కొడుకు విక్రమేంద్రవర్మను విష్ణుకుండిన, వాకాటక వంశాలు రెంటికీ అలంకారమని చిక్కుళ్ల శాసనం వర్ణిస్తుంది. అంటే మాధవవర్మ భార్య వాకాటక రాచకూతురు. గుప్తులతో వియ్యమందిన మహాసామ్రాజ్యపు ఆడపడుచు ఇటు వచ్చింది. తల్లి బౌద్ధ విహారం కట్టించింది, కొడుకు యాగం మీద యాగం చేశాడు, కోడలు వాకాటకుల సంస్కారంతో వచ్చింది. ఒక ఇంట్లో మూడు లోకాలు. ఇంతకంటే బలమైన కుటుంబ కథ భారతదేశంలో ఏ రాజవంశానికి ఉంది?

ఇంద్రపాలనగర రాగిరేకులను పండితలోకానికి పరిచయం చేసినవారిలో నల్లగొండ జిల్లావాసి బి.ఎన్. శాస్త్రి ముఖ్యుడు. శాసనాల వెంట ఊరూరా తిరిగిన ఆ చరిత్రకారుడు నవలలు కూడా రాశాడు. వాటిలో ఒకదాని పేరు 'వాకాటక మహాదేవి'. చరిత్ర పుస్తకంలో పట్టని సంగతి కోసం చరిత్రకారుడే నవలను ఆశ్రయించడం మన సాహిత్య చరిత్రలో ప్రత్యేకంగా గుర్తించవలసిన విషయం. కాకతీయ, రెడ్డి రాజ్యాల మీద ఆయన పరిశోధనల గురించి మాట్లాడినంతగా ఆయన నవలల గురించి మాట్లాడుకోం. ఇది దిద్దుకోవలసిన లోటు. శాసనాన్ని అక్షరం అక్షరంగా చదివిన చేయి కథ రాస్తే ఏం దొరుకుతుందో, ఏం జారిపోతుందో చూపించే నమూనాగానైనా ఆ నవలను మళ్లీ అచ్చువేసి చర్చకు పెట్టాలి.

పానగల్లు నుంచి పిల్లలమర్రికి

పదకొండు, పన్నెండు శతాబ్దాల్లో కందూరు చోడులు ఈ రెండు జిల్లాలనూ కలిపి ఏలారు. పాలమూరు వైపు కందూరు, వర్ధమానపురం, నల్లగొండ వైపు పానగల్లు వాళ్ల కేంద్రాలు. పానగల్లులో ఛాయా సోమేశ్వరాలయం, పచ్చల సోమేశ్వరాలయం, ఉదయసముద్రం చెరువు ఇవాళ్టికీ ఉన్నాయి. కాకతి రుద్రదేవుడు ఈ చోడుల మీదికి వచ్చిన వైనం 1163 నాటి వేయిస్తంభాల గుడి శాసనం చెబుతుంది. రుద్రుడి భయంతోనే చోడోదయుడు చనిపోయాడని ఆ శాసనం గెలిచినవాడి గొంతుతో చాటుతుంది. ఆ ఉదయచోడుడి కూతురు పద్మావతినే రుద్రదేవుడు పెళ్లాడాడని చరిత్రకారులు చెబుతారు. తండ్రి చావుకు కారణమైనవాడితో కాపురం, పుట్టింటి రాజ్యానికి ప్రాణభిక్ష, ఓరుగల్లు అంతఃపురంలో ఓడిన ఊరి ఆడపిల్లగా బతుకు: ఇది ఎంత బరువైన కథో వేరే చెప్పనక్కర్లేదు. గెలిచినవాళ్ల గురించి మనకు నవలలు చాలా ఉన్నాయి. పద్మావతి వైపు నిలబడి పానగల్లును చూసిన నవలకు ఇప్పటికీ చోటుంది.

సూర్యాపేట పక్కన పిల్లలమర్రిలో రేచర్ల రెడ్ల గుళ్లున్నాయి. నామిరెడ్డి కట్టించిన నామేశ్వరాలయం గురించి అందరూ చెబుతారు. అదే ఊళ్లో బేతిరెడ్డి భార్య ఎరకసాని 1208లో ఎరకేశ్వరాలయం కట్టించింది. గుడిలో శివుడికి ఆమె పేరే వచ్చింది. మగవాళ్లు తమ పేరిట లింగాలు ప్రతిష్ఠించుకునే కాలంలో ఒక సామంతుడి భార్య తన పేరు మీద దేవుణ్ణి నిలబెట్టుకుంది. నల్లరాతి స్తంభాల నునుపు, దూలాల మీది చెక్కడం చూసినవాళ్లకు ఆ ఖర్చు ఎంతో అంచనా తెలుస్తుంది. ఆ ధనం ఎక్కడిది? పుట్టింటివారు ఇచ్చిన పొలాల పంటా, భర్త ఇచ్చిన మాన్యమా, తాను పెంచుకున్న పశుసంపదా? శిల్పులతో ఎవరు మాట్లాడారు? మంచి నవలకు కావలసినవి ఇలాంటి ప్రశ్నలే.

అన్నకు నవల, చెల్లెలికి శాసనం

ఈ ప్రాంతం పేరు తెలుగు పాఠకలోకంలో మారుమోగేలా చేసిన నవల 'గోన గన్నారెడ్డి'. బాపిరాజు 1940ల నడుమ హైదరాబాదులో మీజాన్ పత్రిక సంపాదకుడిగా ఉన్న రోజుల నాటి రచన ఇది. వర్ధమానపురం ఇవాళ్టి నాగర్‌కర్నూలు జిల్లా నందివడ్డెమాన్. అక్కడి గోనవారి యువకుడు బందిపోటు ముసుగులో రుద్రమదేవికి కాపుగాయడం నవల కథ. పెళ్లిపందిట్లోంచి పెళ్లికొడుకునే ఎత్తుకుపోయే ఘట్టం చదివిన ఏ పాఠకుడూ మర్చిపోడు. తప్పిపోయిన పెళ్లికూతురు అన్నాంబిక ఓరుగల్లు చేరి రుద్రమ పంచన నిలుస్తుంది. ఇష్టంలేని పెళ్లి వద్దనుకున్న ఆడపిల్లకు రాజ్యమేలే స్త్రీ ఆశ్రయమవడం ఆ కాలపు నవలకు చిన్న సాహసం కాదు. 2015లో గుణశేఖర్ తీసిన 'రుద్రమదేవి' సినిమాతో గన్నారెడ్డి పేరు కొత్త తరానికీ పాకింది.

నవలలోని గన్నారెడ్డికి చారిత్రక పునాది ఉంది. 1294 నాటి రాయచూరు కోట శాసనం గోనవారి సేన గెలుపులను లెక్కిస్తుంది. కానీ ఆ ఇంట్లోనే ఇంకొక వ్యక్తి ఉంది, ఆమె గురించి సినిమా చూసినవాళ్లకు తెలియదు, నవల చదివినవాళ్లలోనూ చాలామందికి తెలియదు. ఆమె కుప్పాంబిక. రంగనాథ రామాయణ కర్త గోన బుద్ధారెడ్డి కూతురు, మల్యాల గుండ దండనాయకుడి భార్య. పాలమూరుకు దగ్గరలో ఉన్న నేటి భూత్పూరు అప్పట్లో బుద్ధాపురం. భర్త పోయాక ఆమె ఇక్కడ భర్త పేరిట గుండేశ్వరుణ్ణి ప్రతిష్ఠించి, 1276లో శాసనం వేయించింది. ఆమె పేర ఒక తెలుగు పద్యం కూడా నిలిచింది. అందువల్లే పరిశోధకులు కొందరు ఆమెను తొలి తెలుగు కవయిత్రి అన్నారు. తాళ్లపాక తిమ్మక్కను తొలి కవయిత్రిగా చెప్పుకునే లెక్క కంటే ఇది దాదాపు రెండు శతాబ్దాలు వెనక్కి పోతుంది.

కుప్పాంబిక జీవితాన్ని ఒక్కసారి వరసగా పేర్చి చూడండి. తండ్రి ద్విపదలో రామాయణం రాశాడు, సోదరులు కాచవిభుడు, విఠలుడు ఉత్తరకాండ పూర్తి చేశారు. ఇంట్లో పొద్దున లేస్తే ద్విపద వినిపించే వాతావరణం. మెట్టినింటి మల్యాలవారు తరతరాలుగా కాకతీయ సేనానులు. గణపతిదేవుడి దివిసీమ దండయాత్రలో ఈ వంశపు చౌండుడు పేరు తెచ్చుకున్నాడు. అంటే ఆమె ఒక కవుల ఇంట్లో పుట్టి సేనాపతుల ఇంట్లో అడుగుపెట్టింది. ఓరుగల్లు సింహాసనం మీద ఒక స్త్రీ కూర్చున్న కాలంలో బతికింది. సామంతులు ఎవరు లొంగారు, ఎవరు తిరగబడ్డారు అన్నది ఆ ఇంటికి రోజువారీ వార్త. భర్త చనిపోయాక ఆమె మౌనంగా ఒక మూల కూర్చోలేదు. గుడి కట్టింది, భూములిచ్చింది, రాయి చెక్కించింది. తెలుగు చారిత్రక నవలకు కథానాయిక కావడానికి ఇంతకంటే ఏం కావాలి?

చందుపట్ల రాయి చెప్పిన మాట

రుద్రమదేవి గురించి రాయని తెలుగు చారిత్రక నవలాకారులు తక్కువ. తెలంగాణలో ఇనుగుర్తి ఒద్దిరాజు సోదరుల్లో సీతారామచంద్రరావు ఆమె మీద నవల రాశాడు. నోరి నరసింహశాస్త్రి 'రుద్రమదేవి' 1950ల తొలినాళ్ల రచన. నోరివారి నవలలో మతచర్చ, రాజనీతి, పండితగోష్ఠి ఎక్కువ. బాపిరాజుది ఉద్వేగం, నోరివారిది ఆలోచన. కాకతీయుల రాజ్యనిర్వహణను, శైవ వైష్ణవ సంవాదాలను గంభీరంగా చదవాలనుకునేవాళ్లకు నోరివారే మార్గదర్శి. ఇద్దరి రుద్రమలూ పాఠకుడి మనసులో వేరువేరు పీటలు వేసుకుని కూర్చున్నారు.

అయితే ఈ నవలలన్నీ రాసినప్పుడు ఆమె చివరి రోజుల గురించి అందరికీ తెలిసిన లెక్క వేరు. ఆమె 1295 ప్రాంతం దాకా పాలించి మనవడు ప్రతాపరుద్రుడికి రాజ్యం అప్పగించిందని పుస్తకాలు రాసేవి. తర్వాతి దశాబ్దాల్లో పి.వి. పరబ్రహ్మశాస్త్రి వంటి పండితులు నల్లగొండ జిల్లా నకిరేకల్ దగ్గరి చందుపట్ల శాసనాన్ని పరిశీలించాక ఆ లెక్క మారింది. 1289 నవంబరు నాటి ఆ శాసనం వేయించినవాడు రాజు కాదు, సామంతుడు కాదు. సేనాపతి మల్లికార్జున నాయకుడి బంటు పువ్వుల ముమ్మడి. రుద్రమదేవీ మల్లికార్జున నాయకుడూ శివలోకం చేరారనీ, వాళ్ల పుణ్యం కోసం సోమనాథ దేవుడికి భూమి ఇస్తున్నాననీ అందులో ఉంది. తిరగబడ్డ సామంతుడు కాయస్థ అంబదేవుడితో జరిగిన పోరులోనే ఇద్దరూ చనిపోయారని చరిత్రకారులు తేల్చారు. అంబదేవుడు మరుసటి ఏడు త్రిపురాంతకంలో వేయించిన శాసనంలో తన గెలుపులు చాటుకున్నాడు.

ఈ శాసనం నవలాకారుడికి ఇచ్చే సంపద మామూలుది కాదు. వృద్ధాప్యంలో యుద్ధభూమిలో ప్రాణం వదిలిన రాణి ఒకవైపు. ఆమె వెంట చనిపోయిన సేనాపతి, అతని కోసం తనకున్న భూమిలోంచి దానమిచ్చిన బంటు ఇంకోవైపు. ఆమె కూతుళ్లు ముమ్మడమ్మ, రుయ్యమ్మ ఆ వార్త ఎలా విన్నారు? ముమ్మడమ్మ కొడుకు ప్రతాపరుద్రుడు ఆ రోజు ఓరుగల్లులో ఏం ప్రతిజ్ఞ చేశాడు? అదే కాలపు విదేశీ యాత్రికుడు మార్కోపోలో మోటుపల్లి సీమను రాజు పోయాక రాణి న్యాయంగా ఏలుతోందని మెచ్చుకుంటూ రాశాడు. ఆమెను రాజు కూతురిగా కాక రాజు భార్యగా పొరపడ్డాడు. తండ్రి సింహాసనం కూతురికి వస్తుందని అతని దేశపు చూపు ఊహించలేదు. చందుపట్ల శాసనాన్ని పునాదిగా పెట్టుకుని, రుద్రమ చివరి ఏడాదిని మాత్రమే తీసుకుని రాసే నవల ఒకటి రావాలి. ఇప్పటిదాకా వచ్చినవాటికి అది పోటీ కాదు, కొనసాగింపు అవుతుంది.

సత్యం ఎంత, కల్పన ఎంత

చారిత్రక నవల మీద మన విమర్శలో ఒక పాత వాదం ఉంది. చరిత్రకారులు నవలలో తప్పులు వెతుకుతారు. సాహిత్యకారులు కల్పన రచయిత హక్కు అంటారు. ఈ రెంటిలో ఏదో ఒకటి పట్టుకుంటే రాచస్త్రీల విషయంలో మనకు మేలు జరగదు. మగరాజు గురించి శాసనాలు యుద్ధం, గెలుపు, బిరుదు, ఓటమి అన్నీ చెబుతాయి, అక్కడ కల్పన తక్కువైనా కథ నడుస్తుంది. రాణి గురించి శాసనం చెప్పేది పేరు, చుట్టరికం, దానం. మిగతా జీవితం కల్పనే పూరించాలి. కాబట్టి ఇక్కడ కల్పన తప్పనిసరి. కాకపోతే ఆ కల్పన శాసనం చూపిన దిక్కుకే పోవాలి. దానమిచ్చిన స్త్రీని నవలలో కేవలం ఎదురుచూసే స్త్రీగా మారిస్తే శాసనం ఇచ్చిన సత్యాన్ని తగ్గించినట్టే.

ఇంకొక జాగ్రత్త కూడా అవసరం. శాసనం రాణి మాటే అయినా అందులోని వాక్యం రాయసగాడిది, చెక్కడం శిల్పిది. చాంతిశ్రీ ప్రాకృతంలో స్వయంగా ఆ వరసలు కూర్చిందని చెప్పలేం. జపానులో పదకొండో శతాబ్దం మొదట్లో మురసాకి షికిబు రాజాస్థానంలో ఉంటూనే 'గెంజి' కథ తన చేత్తో రాసుకుంది. మన విజయనగరంలో కుమార కంపరాయల భార్య గంగాదేవి 'మధురావిజయం' తానే రాసింది. ఆ కావ్యంలో ఆమె తిక్కనను తలుచుకుంటుంది కూడా. అలా సొంత గొంతు మిగిల్చినవాళ్లు తక్కువ. మిగతావాళ్ల విషయంలో నవలాకారుడే ఆ గొంతు వెతకాలి. కుప్పాంబిక పద్యం ఒక్కటి నిలవడం వల్లనే ఆమె మిగతా అందరికంటే మనకు దగ్గరగా ఉంది.

తమిళనాడు నుంచి నేర్చుకోవలసింది కూడా ఉంది. తంజావూరు పెద్దగుడి శాసనాల్లో రాజరాజ చోళుడి అక్క కుందవై ఇచ్చిన విగ్రహాలు, నగల జాబితాలు ఉన్నాయి. కల్కి 1950 నుంచి 1954 దాకా పత్రికలో 'పొన్నియిన్ సెల్వన్' రాసినప్పుడు ఆమెను రాజ్యం నడిపించే బుద్ధిశాలిగా నిలబెట్టాడు. శాసనంలోని దాత నవలలో వ్యూహకర్త అయింది. తమిళ ఇళ్లలో కుందవై పేరు పిల్లలకు కూడా తెలుసు. చాంతిశ్రీ, పరమ మహాదేవి, కుప్పాంబిక పేర్లు మన పిల్లలకు తెలియకపోవడానికి కారణం మన దగ్గర శాసనాలు తక్కువై కాదు, ఆ శాసనాలకు తగిన నవలలు తక్కువై.

రాబోయే నవలకు కావలసిన సామగ్రి

మెరక నేలల రాచస్త్రీ నవల రాయాలంటే ముందు నీళ్ల గురించి తెలియాలి. వాన తక్కువ, కృష్ణ లోతుగా పారుతుంది, బతుకంతా చెరువు మీదే. తూము ఎత్తితే పంట, మత్తడి దూకితే ధీమా, కట్ట తెగితే కరువు. ఇలాంటి చోట చెరువు కట్టించడమంటే ఊళ్లను నిలబెట్టడమే. గణపతిదేవుడి చెల్లెలు మైలాంబ బయ్యారంలో చెరువు తవ్వించి వేయించిన శాసనం వల్లే కాకతీయుల తొలి తరాల పేర్లు మనకు వరసగా తెలిశాయి. ఒక స్త్రీ చెరువుకట్ట మీద ఒక వంశచరిత్ర నిలిచింది. ఆయకట్టు ఎవరికి పంచాలి, నీరటికాడికి మాన్యమెంత, చెరువు బాగుచేసినవాడికి దశబంధం ఎంత అన్న తగాదాలు రాణివాసం గుమ్మం దాకా వచ్చే ఉంటాయి. ఆ తగాదాలను తీర్చే స్త్రీని నవలలో చూడాలి. ఆమె వెంట లెక్కలు రాసే కరణం, వడ్డెరలు, శిల్పులు, గుడిసానులు, దాసీలు కూడా పేర్లతో, మాటలతో రావాలి. రాణివాసం అంటే ఒక్క రాణి కాదు.

రెండోది భాష. నోరి, బాపిరాజు పాత్రలు మాట్లాడే తెలుగు ఆ కాలపు పాఠకులకు తగిన గ్రాంథికచ్ఛాయ ఉన్న భాష. వర్ధమానపురంలో పుట్టిన పిల్ల, పానగల్లు చాకలి, చందుపట్ల బంటు మాట్లాడుకునే చోట పాలమూరు, నల్లగొండ నుడికారం వినిపిస్తే ఆ మనుషులు మరింత నమ్మదగినవాళ్లవుతారు. సురవరం ప్రతాపరెడ్డి 1949లో 'ఆంధ్రుల సాంఘిక చరిత్ర'లో తిండి, బట్ట, ఆట, పండుగ, నమ్మకాలను కావ్యాల్లోంచి ఏరి కూర్చాడు. పాలమూరు నేల మీద పుట్టిన మనిషి రాసిన ఆ పుస్తకం ఇక్కడి చారిత్రక నవలాకారుడికి మొదటి పాఠ్యపుస్తకం కావాలి. అలంపురంలో గడియారం రామకృష్ణశర్మ వంటివాళ్లు శాసనాల కోసం చేసిన కృషి రెండో పాఠ్యపుస్తకం. నల్లగొండ సీమలోని బౌద్ధ క్షేత్రం ఫణిగిరిలో తోరణాల మీది శిల్పాలు ఇక్ష్వాకుల కాలపు దుస్తులకు, నగలకు, కొలువుకూటాలకు కంటితో చూడగల ఆధారం. అక్కడ రాజవైద్యుడే ఒక ధర్మచక్ర స్తంభం ఎత్తించిన శాసనం దొరికింది. అంతఃపుర వైద్యం గురించి రాయాలనుకునే రచయితకు అది చాలు మొదలుపెట్టడానికి.

దగ్గరి కాలం కూడా మరిచిపోకూడదు. పాలమూరు సంస్థానాల్లో గద్వాల ఆదిలక్ష్మీదేవమ్మ 1924 నుంచి సంస్థానాలు విలీనమయ్యేదాకా రాణిగా పాలించింది. ఆమె కాలం నాటి దస్తావేజులు, పెద్దల జ్ఞాపకాలు ఇంకా ఉన్నాయి. రాణి రోజు ఎలా గడుస్తుందో, అర్జీలు ఎలా వస్తాయో, శిస్తు లెక్కలు ఎలా చూస్తారో తెలుసుకోవడానికి అవి పనికొస్తాయి. వెయ్యేళ్ల వెనకటి రాణివాసాన్ని ఊహించే రచయితకు వందేళ్ల వెనకటి రాణివాసం మంచి బడి.

ఈ పని ఒక్క రచయితల వల్ల అయ్యేది కాదు. పాత శాసన సంపుటాలు, పాత చారిత్రక నవలలు అచ్చులో ఉండాలి. కళాశాల తెలుగు శాఖలు నవలను, శాసనాన్ని పక్కపక్కన పెట్టి పాఠం చెప్పాలి. భూత్పూరులో, పిల్లలమర్రిలో, చందుపట్లలో ఉన్న రాళ్లకు సున్నం పూయకుండా, పక్కన తెలుగులో సారాంశం రాసి పెట్టాలి. బడి పిల్లలు వాటిని చదివి, అక్కడ పేరున్న స్త్రీ ఎవరని అడగాలి. బాపిరాజు, నోరి, బి.ఎన్. శాస్త్రి చారిత్రక నవలకు దారి వేశారు. రాజుల కథలకు ఆ దారి చాలింది. రాచస్త్రీల కథలకు దాన్ని చెరువుకట్టల దాకా, దానశాసనాల దాకా పొడిగించాలి. అన్న గన్నారెడ్డికి వచ్చిన కీర్తి చెల్లెలు కుప్పాంబికకు కూడా రావాలి. అది రావాల్సింది పాలమూరు నేల మీద నిలబడి రాసే నవలతోనే.